వత్తులు తెగిన స్త్రీ

కొన్నాళ్ల కిందట నా వ్యాసంలోని ఒక భాగాన్ని ఒక సాహిత్య సంస్థ తన వెబ్ పేజీలో పెట్టింది. పేజీ వాళ్లది. నా మాటలు కనబడుతున్న పెట్టె మాత్రం వాళ్లది కాదు. ఏదో కంపెనీ తయారుచేసిన పెట్టెను తెచ్చి తమ పేజీలో అతికించుకున్నారు. ఆ పెట్టెలో ‘స్త్రీ’ అన్న మాట వచ్చిన ప్రతిచోటా ‘సీ’ అని కనబడింది. వరుస ఎత్తు చాలక, కింద ఉండవలసిన తవత్తూ రవత్తూ కత్తిరించినట్టు తెగిపోయాయి. ‘స్త్రీల చరిత్ర’ కాస్తా ‘సీల చరిత్ర’ అయింది. మొదట నవ్వొచ్చింది. రెండో పేరాకి వచ్చేసరికి ఒళ్లు మండింది.

ఆ పేజీ చూసుకునే అమ్మాయికి ఫోన్ చేశాను. “మేడమ్, మా పేజీ స్టయిల్ ఎంత మార్చినా ఆ పెట్టె లోపలికి పోదు. లోపలిదంతా వాళ్ల చేతిలోనే ఉంటుంది. రంగు నలుపా తెలుపా అన్నది మాత్రం మనల్ని ఎంచుకోనిస్తారు” అంది. ఆమె మామూలుగా చెప్పిన ఈ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. మాట నాది, ఇల్లు వాళ్లది, గది ఇంకొకరిది. ఆ గదిలో నా మాట ఏ రూపంలో నిలబడాలో చెప్పే హక్కు ఎవరిది? సాహిత్యం చదువుకున్నదాన్ని కనుక ఈ ప్రశ్నని సాంకేతిక నిపుణులకు వదిలెయ్యలేకపోయాను. వెతుకుతూ పోతే దీనికి ముప్పయ్యేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో మనం పట్టించుకోవలసిన స్త్రీలూ ఉన్నారు.

రాసినవారా, చదివేవారా?

టిమ్ బెర్నర్స్-లీ జెనీవా దగ్గర సెర్న్ పరిశోధన సంస్థలో 1989లో వెబ్‌ని ప్రతిపాదించాడు, 1990లో మొదటి బ్రౌజర్ రాశాడు. అప్పట్లో అక్షరాల పరిమాణం, రంగు లాంటివి రాసినవారి చేతిలో లేవు. ఇది శీర్షిక, ఇది పేరా అని చెప్పటం వరకే రచయిత పని. అవి ఎలా కనబడాలో చదివేవారి యంత్రం చూసుకునేది. వెబ్ జనంలోకి వచ్చాక రాసేవాళ్లు ఊరుకోలేదు. తమ పేజీ తాము అనుకున్నట్టే కనబడాలన్నారు. ఈ తగువు తీర్చటానికి నార్వేకి చెందిన హోకున్ వీయుమ్ లీ 1994 అక్టోబరు 10న ఒక ప్రతిపాదన ప్రకటించాడు. అదే తరువాత సీఎస్ఎస్ అయింది. ‘కాస్కేడింగ్ స్టయిల్ షీట్స్’ అనే ఆ పేరులోని మొదటి మాటకి అర్థం మెట్ల మీదుగా జాలువారే నీరు. యంత్రం చెప్పింది, చదివేవారు చెప్పింది, రాసినవారు చెప్పింది ఒకదాని మీద ఒకటిగా దిగుతాయి. చివరికి ఏది నిలుస్తుందో తేల్చే నియమాల వరుసే కాస్కేడ్.

ఆ మొదటి ప్రతిపాదనలో నన్ను ఆకర్షించిన సంగతి ఒకటుంది. అందులో ప్రతి కోరిక పక్కనా ఒక శాతం రాయవచ్చు. శీర్షిక ఇంత పెద్దదిగా ఉండాలి, ఈ విషయంలో నా పట్టుదల 40 శాతం అని రచయిత చెప్పవచ్చు. మిగతా 60 శాతం చదివేవారికి వదిలినట్టు. అధికారాన్ని పాళ్లుగా పంచుకోవచ్చునన్న ఆలోచన అది. ఆచరణలోకి రాలేదు. బెర్ట్ బోస్‌తో కలిసి లీ తీర్చిదిద్దిన మొదటి ప్రమాణం 1996 డిసెంబరులో వచ్చేసరికి శాతాలు పోయాయి. చదివేవారి మాట మీద రచయిత మాటదే పైచేయి అయింది. ‘ఇది ముఖ్యం’ అని ఇద్దరూ గట్టిగా చెప్పినా గెలుపు రచయితదే.

1998లో వచ్చిన రెండో ప్రమాణం ఈ ఒక్క నియమాన్ని తిరగేసింది. ఇద్దరూ ‘ముఖ్యం’ అన్నప్పుడు చదివేవారి మాటే నిలవాలంది. చూపు సరిగా ఆననివారికి పెద్ద అక్షరాలు సోకు కాదు, అవసరం. కొన్ని రంగుల తేడా తెలియనివారికి రంగు మార్చుకోవటమూ అంతే. రాసినవారి అభిరుచి కన్నా చదవలేకపోతున్నవారి అవసరం ముందు రావాలని ఒక ప్రమాణ పత్రం ఒప్పుకుంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ కాగితం మీద హక్కు ఉండటం వేరు, దాన్ని వాడుకోవటానికి తలుపు ఉండటం వేరు. పాఠకులు తమ సొంత స్టయిల్ పత్రాన్ని నేరుగా పెట్టుకునే సౌకర్యాన్ని క్రోమ్ బ్రౌజర్ 2014లో తీసేసింది. ఆ తరువాత అక్కడ ఆ పని చెయ్యాలంటే అదనపు పరికరాలు తెచ్చుకోవలసిందే. చట్టంలో ఆస్తి హక్కు ఉండి, పుట్టింట్లో దాని ఊసెత్తలేని ఆడపిల్లల సంగతి మనకు తెలియనిది కాదు.

ఇంకొకరి చట్రంలో స్త్రీ రచన

మన సాహిత్యానికి ఈ చట్రాల గొడవ కొత్తది కాదు. పద్ధెనిమిదో శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రాసింది. 1887లో అచ్చయిన ప్రతిలో కొన్ని పద్యాలు లేవు. బెంగుళూరు నాగరత్నమ్మ అసలు ప్రతిని వెతికి తెచ్చి, తన పీఠికతో 1910లో పూర్తి కావ్యాన్ని అచ్చు వేయించింది. మరుసటి ఏడే ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని ఆ నిషేధం తొలగలేదు. పరిష్కర్త, ప్రచురణకర్త, ప్రభుత్వం ఒకరి మీద ఒకరు చివరి మాట తమదేనన్నారు. ఆ వరుసలో కవయిత్రి మాట అట్టడుగున ఉండిపోయింది. నాగరత్నమ్మ చేసింది ఆ వరుసని తిరగెయ్యటమే.

అక్కడ పోయినవి పద్యాలు, ఇక్కడ పోయినవి వత్తులే కదా అని ఎవరైనా అనవచ్చు. పద్యాలు కావాలని తీసేశారు, వత్తులు ఎవరూ పట్టించుకోక తెగిపోయాయి. ఆ తేడా నిజమే, దాన్ని చెరపను. అయితే రూపం వేరు, విషయం వేరు అన్న మాట రెండోచోట మరింత స్పష్టంగా అబద్ధమని తేలుతుంది. వరుస ఎత్తు కాస్త తగ్గితే మాట అర్థమే పోయింది. రీతి కావ్యానికి ఆత్మ అని వామనుడు ఏనాడో అన్నాడు. మన అలంకార శాస్త్రమంతా, అలంకారం పైన పెట్టిన నగా లేక ఒంట్లోని భాగమా అని శతాబ్దాల పాటు వాదించుకుంది. వెబ్ ప్రపంచం మాత్రం ఆ వాదన లేకుండానే తీర్పు ఇచ్చేసింది. లోపల పనిచేసే కోడ్ రాయటం అసలు పని, పైకి కనబడేది తీర్చటం సింగారం. ఈ విభజన ఎక్కడినుంచి వచ్చిందో చూడాలి.

అసలు పని, ఆడపని

1946 ఫిబ్రవరిలో అమెరికాలో ఎనియాక్ యంత్రాన్ని లోకానికి చూపించారు. దానికి ప్రోగ్రాములు సిద్ధం చేసినవాళ్లు ఆరుగురు స్త్రీలు: కాథ్లీన్ మెక్‌నల్టీ, జీన్ జెన్నింగ్స్, బెట్టీ స్నైడర్, మార్లిన్ వెస్కాఫ్, ఫ్రాన్సెస్ బైలస్, రూత్ లిక్టర్‌మన్. యంత్రాన్ని కట్టటం మగవాళ్ల ఘనకార్యం, దానిచేత లెక్కలు చేయించటం గుమాస్తా పని అనుకున్నారు కనుకనే ఆ పని స్త్రీలకు ఇచ్చారు. ఆ రాత్రి జరిగిన విందుకి వాళ్లని పిలవలేదు. నలభై ఏళ్ల తరువాత కాథీ క్లైమన్ అనే విద్యార్థిని పాత ఫొటోల్లోని ఆ స్త్రీలెవరని అడిగితే, యంత్రం అందంగా కనబడటానికి నిలబెట్టిన మోడళ్లని జవాబు వచ్చింది. ఆమె ఒప్పుకోక వెతికింది కనుక ఈ పేర్లు మనకు దక్కాయి.

ప్రోగ్రామింగ్‌కి డబ్బూ గౌరవమూ వచ్చాక అది మగవాళ్ల పని అయింది. అమెరికాలో కంప్యూటర్ సైన్స్ పట్టాలు అందుకున్నవారిలో 1984 ప్రాంతంలో 37 శాతం దాకా ఉన్న స్త్రీల వాటా 2010 నాటికి సగానికి పడిపోయింది. అంటే పని స్వభావాన్ని బట్టి విలువ రాలేదు, చేసేవారిని బట్టి వచ్చింది. సీఎస్ఎస్ కూడా ఈ తూకంలోనే పడింది. ఎంత చిక్కయిన నియమాలున్నా అది ‘నిజమైన ప్రోగ్రామింగ్’ కాదన్న ఎగతాళిని ఆ పని చేసేవాళ్లు ఈనాటికీ వింటున్నారు.

అచ్చు అక్షరాలదీ అదే కథ. మోనోటైప్, లైనోటైప్ కంపెనీల డ్రాయింగ్ ఆఫీసుల్లో ఇరవయ్యో శతాబ్దం పొడుగునా ప్రతి అక్షరాన్నీ పెద్ద సైజులో కొలిచి గీసినవాళ్లలో ఎక్కువమంది స్త్రీలు. అక్షరాల కుటుంబానికి పేరు మాత్రం ఒక డిజైనర్‌ది, సాధారణంగా పురుషుడిది. 1978 నుంచి 1989 దాకా లైనోటైప్‌లో భారతీయ లిపులతో సహా లాటినేతర అక్షరాల పని నడిపిన ఫియోనా రాస్, తరువాత రీడింగ్ విశ్వవిద్యాలయంలో ఈ స్త్రీల చరిత్రని వెలికితీసే పరిశోధనకు నాయకత్వం వహించింది. పేర్లు లేని గీతల వెనక చేతులున్నాయని గుర్తుచెయ్యటానికి ఎప్పుడూ ఇంకొక స్త్రీయే రావలసి వస్తోంది.

గదిని తీర్చుకున్న ఆడపిల్లలు

1999లో మొదలైన నియోపెట్స్ అనే ఆటలో పిల్లలు బొమ్మ జంతువులను పెంచుకునేవారు. ఆ జంతువుకి ఒక పేజీ ఉండేది. దాన్ని ముస్తాబు చెయ్యాలంటే కాస్త కోడ్ రాయాలి. ఎందరో ఆడపిల్లలు అక్కడే రంగులకీ అంచులకీ కోడ్ రాయటం నేర్చుకున్నారు. 2003లో వచ్చిన మైస్పేస్‌లో ‘నా గురించి’ అని రాసుకునే ఖాళీలో స్టయిల్ కోడ్ అతికిస్తే పేజీ మొత్తం మారిపోయేది. కట్టినవాళ్లు ఉద్దేశించని ఆ సందులోంచి కోట్లమంది తమ గదిని తాము తీర్చుకున్నారు. మెరుపులు, గులాబీలు, నక్షత్రాలు, కళ్లు చెదిరే రంగులు. వాకిలి ఏ ఇంటిదైనా ముగ్గు నాది అన్నట్టు.

డెట్రాయిట్‌లో యాష్లీ క్వాల్స్ పద్నాలుగేళ్ల వయసులో, 2004లో, తల్లి దగ్గర ఎనిమిది డాలర్లు తీసుకుని ఒక సైటు పేరు కొన్నది. తోటి ఆడపిల్లలకు మైస్పేస్ అలంకరణలు తయారుచేసి ఉచితంగా ఇచ్చింది. ప్రకటనల మీద ఆదాయం వచ్చింది. తరువాత ఎవరో 15 లక్షల డాలర్లకు సైటు కొంటామంటే అమ్మనన్నది. పత్రికలు ఆమెను వ్యాపారంలో బాలమేధావి అన్నాయి. ప్రోగ్రామర్ అని ఎంతమంది అన్నారో నాకు అనుమానమే.

ఈ ముస్తాబుల మీద తిరస్కారమూ అంతే బలంగా వచ్చింది. డేనా బోయ్డ్ అనే పరిశోధకురాలు 2007లో రాసిన ఒక వ్యాసంలో అమెరికన్ పిల్లలు రెండుగా చీలుతున్న తీరు చూపించింది. కాలేజీకి వెళ్లే, బాగా గడిచిన కుటుంబాల పిల్లలు ఫేస్‌బుక్‌కి పోతున్నారు. అక్కడ అందరి పేజీ ఒకటే రూపం, ఎవరూ ఏమీ మార్చలేరు. దాన్ని వాళ్లు శుభ్రంగా ఉందన్నారు. మైస్పేస్‌లో మిగిలినవాళ్లది జిలుగు, నాటు అన్నారు. ‘శుభ్రత’ అన్న మాట వెనక వర్గం, జాతి దాగి ఉన్నాయని ఆమె వాదన. కులం చూసి ఒకరి కట్టునీ బొట్టునీ సంస్కారమనీ ఇంకొకరివి మొరటుతనమనీ అనటం చూస్తున్న మనకు ఈ వాదన అర్థం కావటానికి వివరణ అక్కర్లేదు. తెల్లటి, ఒకే మూసలోని పేజీ తటస్థమైనది కాదు. అది కూడా ఒకరి అభిరుచే. కాకపోతే మిగతావారి చేతిలోంచి కుంచె లాక్కోగలిగిన అభిరుచి.

ఆ పిల్లల పని చాలావరకు ఈ రోజు లేదు. సొంత పేజీలకు చోటిచ్చిన జియోసిటీస్‌ని అమెరికాలో 2009లో మూసేశారు. కొందరు స్వచ్ఛందంగా దాచినంత మేరకే అది మిగిలింది. మైస్పేస్ రూపం పదేపదే మారి పాత అలంకరణలు పోయాయి. 2016కి ముందు జనం ఎక్కించిన పాటలూ ఫొటోలూ కూడా పోయాయని 2019లో బయటపడింది. ఎవరి కిళ్లీకొట్టు జమాఖర్చులో దొరికినా చరిత్రకారులు మురిసిపోతారు. ఒక తరం ఆడపిల్లలు రాసిన మొదటి కోడ్ పోతే ఎవరూ సంతాప సభ పెట్టలేదు.

గోడలు కట్టినవారు, కిటికీలు పెట్టినవారు

ఇక నా పెట్టె సంగతి. ఒక పేజీలో ఇంకొక పేజీని కిటికీలా బిగించే ఐఫ్రేమ్ అనే పద్ధతి 1997 డిసెంబరులో హెచ్‌టీఎమ్ఎల్ 4 ప్రమాణంలోకి వచ్చింది. లోపలిది వేరే రాజ్యం. బయటి స్టయిల్ దానికి వర్తించదు. ఇది దురుద్దేశంతో పెట్టింది కాదు. లోపలివారి రహస్యాలు బయటివారి చేతిలో పడకూడదు కనుక గోడ అవసరమే. గోడ రక్షణ కోసమే, కానీ లోపలున్నవారు కిటికీ తెరుచుకోవచ్చా అన్నది వేరే ప్రశ్న. దాన్ని మనం జనానాల కాలం నుంచీ అడుగుతున్నాం.

తరువాత వచ్చిన షాడో డామ్ అనే ఏర్పాటులో మధ్యేమార్గం ఉంది. బయటి నియమాలు నేరుగా లోపలికి పోవు. కానీ అక్షరాల రంగు, ఫాంటు, వరుస ఎత్తు లాంటి వారసత్వ గుణాలు గోడ దాటి దిగుతాయి, లోపలి నియమం వాటిని కాదనకపోతే. పెట్టె చేసినవారు కొన్ని విలువలకు పేర్లు పెట్టి బయటకు చెబితే, ఆ పేర్లతో ఇంటివారు వాటిని మార్చుకోవచ్చు. అంటే కిటికీ ఎక్కడ పెట్టాలో కట్టేటప్పుడే ఆలోచించాలి. కట్టేవారికి తట్టని అవసరానికి కిటికీ ఉండదు.

అందుకే నియమాలు రాసే బల్ల దగ్గర ఎవరు కూర్చున్నారన్నది ముఖ్యం. ‘ఫాంటసాయి’ అనే కలం పేరుతో తెలిసిన ఎలికా ఎతెమాద్ ఎన్నో సీఎస్ఎస్ ప్రమాణాలకు సంపాదకత్వం వహించింది. పై నుంచి కిందికి రాసే లిపుల కోసం, లాటిన్ కాని భాషల పాఠం కోసం రాసిన నియమాలు వాటిలో ఉన్నాయి. ప్రమాణాల ఉద్యమానికి 2000ల మధ్యలో నాయకత్వం వహించిన మాలీ హోల్జ్‌ష్లాగ్ 2023లో మరణించింది. 2017లో బ్రౌజర్లలోకి వచ్చిన గ్రిడ్ పద్ధతిని లోకానికి నేర్పటంలో రేచల్ ఆండ్రూది పెద్ద పాత్ర. ఎవరి నియమం మీద ఎవరిది నిలవాలో ముందే పొరలుగా ఏర్పాటు చేసుకునే వీలు 2022లో బ్రౌజర్లలోకి వచ్చింది. ఆ ప్రమాణ సంపాదకులలో మిరియమ్ సుజాన్ ఒకరు. 1994 నాటి ప్రశ్నకి జవాబు ఇంకా రాస్తూనే ఉన్నారు, రాసేవారిలో స్త్రీలున్నారు.

సీఎస్ఎస్ రంగుల పట్టికలోని పేర్లలో చాలా భాగం 1980లలో పాత యంత్రాల కోసం పోగుచేసినవి. వాటిలో ఒక్కటి మాత్రం ఒక పాప పేరు. ఈ రంగంలో ఎన్నో పుస్తకాలు రాసిన ఎరిక్ మేయర్ కూతురు మెదడు క్యాన్సర్‌తో 2014 జూన్ 7న, తన ఆరో పుట్టినరోజునే చనిపోయింది. ఆమెకు ఇష్టమైన ఊదారంగుకి, 663399 అనే సంఖ్య గల దానికి, ఆమె పేరు పెడదామని తోటివారు ప్రతిపాదించారు. తండ్రి ఒక్క షరతు పెట్టాడు. ముద్దుపేరు వద్దు, పూర్తి పేరు రెబెకా అనే ఉండాలి. ఆరేళ్లొచ్చాక నన్ను చిన్నపిల్ల పేరుతో పిలవొద్దని ఆ పాప ముందే చెప్పిందట. ఆరేళ్ల వయసు ఆమెకు దక్కింది పన్నెండు గంటల లోపే. పట్టికలో ‘రెబెకా పర్పుల్’ అనే ఉంది. నన్ను ఇలా రాయండి అన్న ఒక ఆడపిల్ల మాటని ప్రపంచంలోని బ్రౌజర్లన్నీ పాటిస్తున్నాయి.

‘స్త్రీ’ అని రాయటానికి ఎంత చోటు?

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి కావాలి. కింద ఒకటో రెండో వత్తులు కావాలి. లాటిన్ అక్షరాలకు సరిపోయేలా వరుస ఎత్తు బిగించి, ఆ ఎత్తు దాటినదాన్ని దాచెయ్యమని నియమం రాస్తే తెగేది మన వత్తులే. అక్షరాల మధ్య ఎడం పెంచినా, మనకు అలవాటులేని వాలు అక్షరాలను యంత్రం బలవంతాన వంచినా ఇబ్బంది మనకే. యూనికోడ్‌లో 1991 నుంచీ తెలుగుకి చోటుంది. సంకేతాలు దక్కినా నిలబడటానికి వరుసలో చోటు దక్కటం ఇంకో పోరాటం.

పెట్టె కంపెనీకి ఆ అమ్మాయి ఉత్తరం రాసింది. వరుస ఎత్తుని కాస్త పెంచితే చాలు, లేదా దాన్ని మేం మార్చుకునేలా ఒక పేరు బయటపెట్టండి అని అడిగింది. మీ సూచన నమోదు చేసుకున్నాం అని జవాబొచ్చింది. నెల చూసి, పెట్టె తీసేసి, నా వ్యాసభాగాన్ని నేరుగా తమ పేజీలోనే పెట్టింది. ‘స్త్రీ’కి రెండు వత్తులూ వచ్చాయి. ఫోన్ చేసి థాంక్స్ చెబితే, “మీదొక్కటే కదా మేడమ్, మిగతావాళ్లవి అందులోనే ఉన్నాయి” అంది. ఆ మిగతావాళ్ల జాబితా పంపమన్నాను. ఇద్దరం కలిసి ఒక్కొక్కటే బయటకు తీస్తున్నాం.